మోయగలిగినంత మాట

ఈ జనవరి ఒకటో తేదీ ఉదయం ఆరాధనలో, కొత్తగా వచ్చిన అయ్యగారు ప్రసంగం ముగించి, "ఈ సంవత్సరానికి మీ తీర్మానం ఏమిటో ఒక్కొక్కరూ లేచి సంఘం ముందు చెప్పండి" అన్నారు. ఆళ్లగడ్డలోని మా సంఘానికి ఇది పాత అలవాటే. మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆయనకు తెలియదు.

ఒకరి తర్వాత ఒకరు లేచారు. రోజూ తెల్లవారకముందే లేచి ప్రార్థన చేస్తానని ఒకాయన అన్నాడు. కోపం పూర్తిగా మానేస్తానని ఒకామె అంటే, ఆమె భర్త పక్కకు తిరిగి దగ్గాడు. అందరం నవ్వాం. నా వంతు వచ్చేసరికి, "చివర్లో చెప్తాను అయ్యగారూ" అని కూర్చుండిపోయాను. నా ధ్యాస అప్పటికే బల్ల మీదికి పోయింది. తెల్లటి గుడ్డ కింద, ప్రభువు చివరి భోజనానికి గుర్తుగా మేము పుచ్చుకునే ప్రభువు బల్ల సిద్ధంగా ఉంది. పళ్ళెంలో రొట్టె ముక్కలు, వాటి పక్కన చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. అయితే ఇప్పుడు రసాన్ని సీసాల్లో కొని తెస్తున్నారు. గుడ్డ తీస్తే వాసనే రాదు. వెనకటికి అయ్యగారు ఆ గుడ్డ మడత విప్పగానే, నానిన ఎండుద్రాక్షల తియ్యని, కొంచెం పుల్లని వాసన చివరి వరుస దాకా వచ్చేది. ఆ వాసన లేకపోవడమే నాకు పెద్దమ్మను గుర్తు చేసింది.

అందరూ ఆమెను పెద్దమ్మా అనే పిలిచేవారు. అప్పటి అయ్యగారు కూడా. మిషన్ బడిలో ఆయాగా చేసి మానుకున్నది. భర్త పోయాడు, పిల్లలు లేరు. గుడి వెనక ఒంటి గదిలో ఉండేది. బల్ల మీద పరిచే గుడ్డ ఉతకడం, ద్రాక్షరసం తీయడం ఆమె పనులు. శనివారం మధ్యాహ్నం గదిముందు చాప వేసుకొని, ఎండుద్రాక్షల తొడిమలు ఒక్కొక్కటీ గోటితో గిల్లి తీసేది. మెడ కొంచెం ఒక పక్కకు వంచి పని చేసేది. నడిచేటప్పుడూ అంతే, ఎవరో చెవిలో ఏదో చెప్తుంటే వింటున్నట్టుగా. ఇంత శ్రద్ధగా రసం తీసే మనిషి ఆదివారం ఆ రసం తాగేది కాదు. తలుపు దగ్గర చివరి చాప మీద కూర్చునేది. పళ్ళెం తన దాకా వస్తే రెండు చేతులతో అందుకొని, తల వంచి, పక్కామెకు అందించేది.

నేను పందొమ్మిది వందల డెబ్బైల మొదట్లో ఆ బడికే ఉపాధ్యాయుడిగా వచ్చాను. మొదటి జనవరి ఒకటిన ఉత్సాహంగా లేచి, ఈ సంవత్సరం లేఖనాలన్నీ మొదటి నుండి చివరిదాకా మూడుసార్లు చదువుతానని తీర్మానం చెప్పాను. ఆరాధన అయ్యాక పెద్దమ్మ గుడిమెట్ల దగ్గర పట్టుకుంది.

"ఏమప్పా అయ్యవారూ, చదవడం నీకు కష్టమా?"

"కష్టమేముంది పెద్దమ్మా, నాకు ఇష్టం."

"అయితే అది తీర్మానమెట్లయితాది? అన్నం తింటానని తీర్మానం జేస్తామా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను కొంచెం ఉడుక్కొని, "మరి ఏం చెప్పాల?" అన్నాను.

"చేసేకి భయపడేది చెప్పల్ల. అదీ చిన్నది చెప్పల్ల. మోయగలిగినంత మాట. పెద్ద మాటలు దేవునికేంటికి నాయనా, ఆయన దగ్గర శానా ఉండాయి."

ఆమెకు ఇంకొక అలవాటు ఉండేది. జనవరిలో మేము చెప్పిన మాటలు మార్చికల్లా మేము మరిచిపోయేవాళ్ళం. ఆమె మరిచేది కాదు. రాళ్ళు చెక్కే పనిచేసే ఒకాయన బీడీ మానేస్తానని సంఘం ముందు చెప్పాడు. ఎండాకాలం మొదట్లో బస్టాండు దగ్గర ఆమె ఎదురుపడింది. ఆయన బీడీని గుప్పిట్లో దాచుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి పొగ వస్తూ ఉంది.

"ఏమప్పా, జనవరిలో ఒక మాటంటివే, బతికుండాదా?"

"బతికే ఉండాది పెద్దమ్మా. రొంత జరమొచ్చింది."

"జరం తగ్గిందాకా ఆ చెయ్యి తెరువు. కాలుతాది."

ఆమెకు భయపడి కొందరు ఆదివారం పక్కదారిన పోయేవారు. నాకు మాత్రం ఆమె మీద కోపం రాలేదు. ఎందుకంటే అందరికంటే కఠినంగా ఆమె తనను తానే నిలదీసుకునేది. ప్రతి జనవరి ఒకటిన అందరూ అయ్యాక తలుపు దగ్గర లేచి నిలబడేది. "పోయిన యేడు చెప్పింది జరగలే. ఈ యేడు బల్లకొస్తా." అంతే. కూర్చునేది. కాసేపటికి పళ్ళెం వచ్చేది. రెండు చేతులతో అందుకొని పక్కకు ఇచ్చేది. మళ్ళీ యేడాది అదే మాట.

కొత్తవాళ్ళు ఏదో దాచిన పాపం ఉందనుకునేవారు. పాతవాళ్ళకు సంగతి తెలుసుగాని చెప్పేవారు కాదు. నాకు ఆమే చెప్పింది, ఒక శనివారం, తొడిమలు గిల్లుతూ, నా మొహం చూడకుండా.

నంద్యాలలో ఆమెకు ఒక తమ్ముడు. ఆమె చంకలో పెరిగినవాడు. వాళ్ళమ్మ చివరి రోజుల్లో ఆయన దగ్గరే ఉండి, ఎండాకాలంలో పోయింది. కబురు అందగానే ఈమె బయలుదేరింది. శిరివెళ్ళ దాటాక బస్సు చెడిపోయింది. రోడ్డు పక్కన కూర్చొని ఇంకో బస్సు పట్టుకొని చేరేసరికి సమాధి కప్పేశారు. తమ్ముడు ఎదురొచ్చి, "ఎండ శానా ఉండె అక్కా, నిలపలేకపోతిమి" అన్నాడు. ఆమె ఆ పచ్చిమన్ను పిడికెడు తీసుకొని, నలుగురూ వింటుండగా, "నా ప్రాణముండగా నీ గడప తొక్కను, దేవుని తోడు" అన్నది.

"ఆ పొద్దు నుంచి తొక్కలే," అన్నది పెద్దమ్మ. "నేను తప్పకుండా నిలబెట్టుకున్న తీర్మానం అదొక్కటే అయ్యవారూ. చెయ్యకూడనిదేమో అదే నిలబెట్టుకుంటి."

నీ అర్పణ బలిపీఠం దగ్గర విడిచిపెట్టి, ముందు నీ సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట ఆమెకు బాగా తెలుసు. అందుకే బల్లకు రాదు. దేవుని పేరున పలికిన మాట తప్పకూడదన్న వాక్యమూ అంతే బాగా తెలుసు. అందుకే గడప తొక్కదు. ఈ రెండు మాటల మధ్య ఆమె ఎన్నేళ్ళు కూర్చున్నదో! అప్పటి మా అయ్యగారు మెత్తటి మనిషి. "దుఃఖంలో తొందరపడి అన్న మాటమ్మా అది. దేవుడు దాన్ని పట్టించుకోడు" అని నా ముందే నచ్చజెప్పారు.

"తేలికగా అనింటే మీరు చెప్పినట్లే అయ్యగారూ. నేను బరువుగానే అంటి. ఆయనకు తెల్దా?" అన్నది ఆమె. అయ్యగారు చెప్పులేసుకొని వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళు వాక్యం చదివి, బోధించినా, ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తర్వాతి జనవరి ఒకటిన ఆమె మాట మారింది. "ఈ యేడు నంద్యాల బస్సెక్కుతా" అన్నది. వెనక నుంచి ఎవరో, "ఎక్కి?" అన్నారు.

"ఎక్కుతా. అంతే."

ఎక్కింది. నంద్యాల బస్టాండులో దిగి, బెంచీ మీద కాసేపు కూర్చొని, టీ తాగి, అదే బస్సులో తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం ఆమె మొహం చూసినవాళ్ళు జ్వరం తగ్గిన మనిషి మొహంలా ఉందన్నారు. ఆ మరుసటి యేడు, "వాని వీధి మొగదాల దాకా పోతా" అన్నది. పోయింది. వీధి మొదట్లో చక్రాల బండి మీద అరటిపండ్లు అమ్మే సాయిబు నీడకు రమ్మంటే, ఆయన బండి పక్కన నిలబడి ఆ ఇంటి వైపు చూసి వచ్చింది. అప్పటికి సంఘమంతా ఆమెతో పాటు ఆ దారిలో నడుస్తున్నట్టుండేది. బీడీ ఆయన కూడా, "పెద్దమ్మా, ఈసారి యాడిదాకా?" అని అడిగేవాడు.

మూడో యేడు ఆమె లేచి, "గడప తొక్కనంటిగాని గడప బయట నిలబడనని అనలే. నిలబడి పిలుస్తా" అన్నది. గుడిలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారు గట్టిగా స్తోత్రం చెల్లించారు. ఇక్కడే మేము తప్పు చేశామని ఇప్పుడు అనిపిస్తుంది. ఆమె బాధ బాధగా ఉండగానే అది మాకు నలుగురిలో చెప్పుకునే సాక్ష్యంగా కావలసి వచ్చింది.

ఆ ఫిబ్రవరిలో నంద్యాలలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. పెద్ద పందిరి, నాలుగు మూలలా మైకులు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సంఘాలన్నీ వచ్చాయి. పెద్దమ్మ రాలేదు. ఒక ఉదయం ప్రార్థన మనవులు చెప్పే వంతు మా అయ్యగారికి వచ్చింది. జబ్బు పడ్డవారి కోసం, వానల కోసం చెప్పారు. తర్వాత మైకుకు ఇంకా దగ్గరికి జరిగారు. మా సంఘంలో ఒక సహోదరి ఉన్నదని, తల్లి సమాధి దగ్గర తమ్ముడితో తగవు పడి ఇన్నేళ్ళుగా బల్లకు దూరంగా ఉన్నదని, ఆ తమ్ముడు ఈ పట్టణంలోనే ఒక సంఘానికి పెద్దగా ఉన్నాడని, ఆయన హృదయం మెత్తబడాలని మనవి చేశారు. అక్కడితో ఆగలేదు. మాకు ఒక అలవాటు ఉంది, అడిగింది ఇంకా దొరకకముందే దొరికిందని విశ్వసించి కృతజ్ఞత చెప్పడం. అయ్యగారు, "వాళ్ళిద్దరూ కలిసిపోయారని నమ్మి స్తోత్రం చెల్లిద్దాం" అన్నారు. పందిరంతా ఒక్క గొంతుతో స్తోత్రం అన్నది. నేనూ అన్నాను.

అయ్యగారు ఆ తమ్ముడి పేరు ఒక్కటే చెప్పలేదు. మిగతాదంతా చెప్పారు. ఆ ఊళ్ళో ఆ కథ తెలియనిదెవరికి?

ముందు వరుసలో తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన లేచి, చాపల మధ్య నుంచి బయటికి నడిచాడు. మెడ ఒక పక్కకు వంచి నడుస్తున్నాడు. ఆయన ఎవరో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వెంట పోయాను. పందిరి వెనక చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఒక చెప్పు దొరకడం లేదు. తీసి ఇచ్చాను.

"మీది ఆళ్లగడ్డనా?"

"అవునండీ."

"మా అక్క నా మీద అలిగింది. అది మా ఇంటి సంగతి. పోయిన యేడు వచ్చి వీధి మొగదాల నిలబడి పాయె. నాకు తెల్దనుకుంటిరా? కిటికీలోంచి చూస్తానే ఉంటి. ఇంకో తూరి వచ్చింటే నేనే దిగి ఎదురు పోదామనుకుంటి." చెప్పులో కాలు పెట్టి, మళ్ళీ తీశాడు. "ఇప్పుడు పోతే ఏమంటారప్పా? మైకుకు భయపడి పాయెనంటారు. నా చేతిలోంచి గుంజుకొంటిరి కదా."

ఆళ్లగడ్డకు వచ్చి జరిగిందంతా పెద్దమ్మకు చెప్పాను. అయ్యగారి మీద కోపం వస్తుందనుకున్నాను. "మైకులోనా?" అని ఒక్కసారి అడిగింది. తర్వాత తల ఎత్తి, "కిటికీలోంచి చూసినాడా?" అన్నది. చూశాడన్నాను. కాసేపు తొడిమలు గిల్లి, మళ్ళీ, "నిజంగానే చూస్తాండెనంటనా?" అన్నది. అంతసేపూ ఆమెకు కావలసిన మాట అదొక్కటే.

అయ్యగారు నంద్యాల పోయి, తనను క్షమించమని ఆ తమ్ముణ్ణి అడిగారు. ఆయన కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, వానల సంగతి మాట్లాడి పంపించాడట. అయ్యగారు ఆ తర్వాత ఎవరి ఇంటి కష్టాన్నీ గుడిలో పైకి చెప్పి ప్రార్థించలేదు.

ఆ యేడంతా పెద్దమ్మ నంద్యాల మాట ఎత్తలేదు. నేను ఇక మానుకుందనే అనుకున్నాను. డిసెంబరులో క్రిస్మస్ వెళ్ళాక ఒక ఉదయం మా ఇంటి ముందుకొచ్చి, "యేడు అయిపోతాంది నాయనా. తోడు రా. నువ్వేం మాట్లాడొద్దు" అన్నది.

పోయాం. ఆ ఇంటి గడపకు ఒక అడుగు ఇవతల నిలబడింది. లోపల రేడియో మోగుతూ ఉంది.

"అబ్బోడా, నేనొచ్చినా."

రేడియో ఆగిపోయింది. ఎవరో దగ్గారు. ఎవరూ రాలేదు. ఆమె మళ్ళీ పిలవలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసి పోతున్నారు. "పోదాం పెద్దమ్మా" అన్నాను. "గమ్మునుండు" అన్నది.

చాలాసేపటికి ఎనిమిదేళ్ళ పాప ఒకతి చెంబుతో నీళ్ళు తెచ్చి, గడప ఇవతలికి చెయ్యి చాచింది. పెద్దమ్మ రెండు చేతులతో అందుకుంది, గుడిలో పళ్ళెం అందుకున్నట్టే. కాని ఈసారి పక్కకు ఇవ్వలేదు. తాగింది. చుక్క మిగలకుండా తాగి, చెంబు కొంగుతో తుడిచి ఇచ్చింది.

"మీ తాతకు చెప్పు తల్లీ, నీళ్ళు చల్లగా ఉండాయని."

బస్సు శిరివెళ్ళ దాటాక, "ఆ బిడ్డకు నేనెవరో తెల్దు. నీళ్ళు ఎవరు పంపించినారంటావ్?" అన్నది.

"ఆయనే..."

"నువ్వు చెప్పొద్దు. నేనే నమ్ముతా."

ఊరు దగ్గర పడుతుండగా, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఒకటో తేదీ బల్లకొస్తా అయ్యవారూ. ఈసారి లేచి చెప్పను. ఉత్తగ వస్తా" అన్నది.

ఆ మర్నాడు కొత్త సంవత్సరం ఆరాధన కోసం ఎండుద్రాక్షల తొడిమలు తీసి, కడిగి, నానబెట్టింది. ఎప్పటికంటే ఎక్కువ నానబెట్టిందని పక్కింటామె తర్వాత చెప్పింది. సంవత్సరం చివరి రోజు తెల్లవారి చూస్తే మంచం మీద పక్కకు తిరిగి పడుకొని ఉంది. ప్రాణం లేదు. రసం వడగట్టి పెట్టి ఉంది.

మొదటి బస్సుకే నంద్యాలకు మనిషిని పంపించాం. మధ్యాహ్నానికి గుంట సిద్ధమయింది. పెట్టెను పక్కన ఉంచాం. పొద్దు వాలుతూ ఉంటే ఒకరిద్దరు, "ఇంక కానిద్దామా?" అని అడిగారు. అయ్యగారు గ్రంథం మూసి, గుంట పక్కన నేల మీద కూర్చున్నారు. ఆయనను చూసి మేమందరం కూర్చున్నాం. చీకటి పడినా సరే, ఆ మనిషి రాకుండా మన్ను వేయకూడదన్నది ఎవరూ పైకి అనలేదుగాని, అందరి మనసులో ఒకటే ఉంది.

పొద్దు కుంకే వేళకు ఆయన వచ్చాడు. అక్క మొహం చూశాడు. పిడికెడు మన్ను తీసుకున్నాడు. నేను దగ్గరికి పోయి, బస్సులో ఆమె అన్నదంతా చెప్పాను. నీళ్ళు ఎవరు పంపారో ఆమె నమ్మిందని, రేపు బల్లకు వస్తానన్నదని చెప్పాను. ఆయన మన్ను వైపే చూస్తూ విన్నాడు.

"నీతో చెప్పింది నాయనా. నాతో చెప్పలే."

"నీళ్ళు పంపింది మీరేనా?" అని అడిగాను. ఆయన నా వైపు చూశాడు. మన్ను గుంటలో వేశాడు.

రాత్రికి బస్సు లేక అయ్యగారి ఇంట్లో ఉండి, మర్నాడు ఉదయం ఆరాధనకు వచ్చి మగవాళ్ళ వైపు చివర కూర్చున్నాడు. అయ్యగారు తీర్మానాలు అడగలేదు. గుడ్డ మడత విప్పగానే ఆ వాసన తలుపు దాకా పోయింది. పళ్ళెం వరుస వెంట కదిలి నా ముందుకు వచ్చింది. నేను తీసుకొని తాగి, ఆయనకు అందించాను. ఆయన రెండు చేతులతో అందుకొన్నాడు. మెడ ఒక పక్కకు వంచి కాసేపు చూశాడు. తల వంచి, పక్కాయనకు అందించాడు.

ఆ జనవరి నుంచి మా గుడిలో తీర్మానాలు ఆగిపోయాయి. ఆ అయ్యగారు ఇంకో ఊరికి మారిపోయారు. నంద్యాల నుంచి వచ్చేవాళ్ళు చెప్తుంటారు, ఆ పెద్దాయన సంఘపెద్ద పని వదులుకున్నాడని, ప్రతి ఆదివారం గుడికి వస్తాడని, పళ్ళెం వస్తే పక్కకు ఇస్తాడని. కృప చాలదా ఆ ఇద్దరికీ? చాలునని నేను నమ్ముతాను, బోధిస్తాను. కాని నమ్మకాన్ని ఇంకొకరి గడప ముందుకు మోసుకుపోయి నిలబడడం వేరే పని.

ఈ ఉదయం అందరూ అయ్యాక కొత్త అయ్యగారు నా వైపు చూశారు. నేను లేచాను.

"ఈ యేడు నంద్యాల బస్సెక్కుతా" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "ఎక్కి?" అన్నారు నవ్వుతూ.

"ఎక్కుతా అయ్యగారూ. ముందు అంతే."

పిల్లలు కొందరు నవ్వారు. ఆడవాళ్ళ వైపు, తలుపు దగ్గర, ఒక ముసలామె మెల్లగా ఆమేన్ అన్నది.